ఆకు మీద బారన్, మానులో మీసాల పురుగు

పురుగూ పుట్రా: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది నూజివీడు దగ్గర ఆగిరిపల్లి. నాన్నగారు పోయాక మామిడి తోట నా చేతికి వచ్చింది. బంగినపల్లి, చిన్న రసాలు, గట్టు వెంబడి కొన్ని కలెక్టరు చెట్లు. ఈ ఏడాది ఒక బంగినపల్లి చెట్టు మొదట్లో రంపం పొట్టులాంటిది కుప్పగా పడుతోంది. మాను మీద బంక కారుతోంది. ఒక పెద్ద కొమ్మ ఆకులు పండుబారి ఎండిపోయింది. అదే చెట్టు ఆకుల మీద పచ్చగా, రెండు పక్కలా ఈకలున్న పురుగు కనిపించింది. తోట చూసే అతను ‘ఇదేనమ్మా, పెద్దయ్యాక మానులో దూరుతుంది, చెట్టంతా మందు కొట్టిద్దాం’ అంటున్నాడు. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ఫోన్లో వెతికి ‘అది సీతాకోకచిలుక అవుతుందమ్మా, వద్దు’ అంటున్నాడు. రెండూ ఒకటే పురుగా? కాకపోతే ఒకే చెట్టు తిని బతికేవాటికి ఇంత తేడా ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఆగిరిపల్లి

జవాబు: అమ్మా, ఈ ఒక్కసారికి అబ్బాయి మాట వినండి. అలాగని తోట చూసే అతణ్ని కోప్పడకండి. చెట్టుకు ముప్పు ఉన్న మాట నిజం. అతను పట్టుకున్న దొంగే వేరు.

ఆకు మీద ఉన్నది కామన్ బారన్ అనే సీతాకోకచిలుక గొంగళి పురుగు. శాస్త్రవేత్తలు యుథేలియా అకాంథియా అంటారు. మన దేశం మొదలుకొని ఆగ్నేయాసియా దాకా ఉష్ణమండలపు అడవుల్లో ఉండే జాతి. మామిడి ఆకంటే దానికి ప్రాణం కాబట్టి అడవి దాటి తోటల్లోకి, ఊళ్లలోకి, నగరంలో ప్రహరీ గోడ పక్కనున్న ఒంటి మామిడి చెట్టు మీదికి కూడా వచ్చేసింది. జీడిమామిడి ఆకూ తింటుంది. మానులో ఉన్నది బాటోసెరా రుఫోమాక్యులాటా. నోరు తిరగని పేరు. రైతులూ అధికారులూ కూడా కాండం తొలిచే పురుగు అనే అంటారు, మనమూ అలాగే అందాం. ఇది పెంకు పురుగు, అందులోనూ పొడవు మీసాల కుటుంబం. ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 35 వేలకు పైగా జాతులున్నాయి. సీతాకోకచిలుకలు సుమారు 18 వేలు. సంఖ్యలో మీసాల పురుగులదే పైచేయి, మన కంటపడేవి మాత్రం సీతాకోకచిలుకలు.

ముందు బారన్ సంగతి. ఆ గొంగళి పురుగును చూడగలిగారంటే మీ చూపు మంచిది. ఆకు నడిమి ఈనె ఉంటుంది కదా, సరిగ్గా దాని మీదే పడుకుంటుంది. ఒళ్లంతా మామిడాకు పచ్చ, వీపు మధ్యలో తల నుంచి చివరిదాకా లేత పసుపు గీత. ఆ గీత ఈనెతో కలిసిపోతే మనకు ఆకే కనిపిస్తుంది. పక్కలకు చాచిన ఈకల్లాంటి ముళ్లు ఆకు మీద పరుచుకుని ఒంటి అంచును దాచేస్తాయి, నీడ కూడా పడనివ్వవు. ఒక ఉగాదికి మా పెరటి చెట్టు ఆకులు కోసి తోరణం కడితే, ఆకులతోపాటు దీన్నీ గుమ్మానికి కట్టేశాం. ఆకులు వాడి ముడుచుకున్నాక పచ్చగా మిగిలింది అదొక్కటే. మా ఆవిడ చూసి కేక పెట్టింది. హార్లిక్స్ సీసాలో వేసి తాజా ఆకులు పెడుతూ వచ్చాను. ఆకు అంచు నుంచి మొదలుపెట్టి వరసగా కొరుక్కుంటూ పోతుంది, మళ్లీ వెనక్కి వెళ్లి ఈనె మీదే పడుకుంటుంది. కొన్నాళ్లకు ఆకు అడుగున వేలాడే పచ్చటి ప్యూపా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) అయింది, కోణాలు కోణాలుగా. చివరికి బయటికి వచ్చినది గోధుమ రంగు రెక్కల మీద ముదురు చారలున్న సీతాకోకచిలుక. ఆడవి కాస్త పెద్దవి, వాటి ముందు రెక్కల మీద తెల్ల మచ్చలుంటాయి. క్యాలెండరు మీద అచ్చు వేసే అందం కాదు గానీ, ఎండ పడే ఆకు మీద రెక్కలు చాచి కూర్చుని, చప్పున లేచి తేలుతూ పోయే ఆ తీరు నాకు మహా ఇష్టం. గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం నెల, నెలన్నర వ్యవహారం.

ఇక మానులోనిది. ఆడ పురుగు రాత్రిపూట వచ్చి బెరడు మీద దవడలతో గాటు పెట్టి, గాటుకు ఒకటి చొప్పున గుడ్డు దోపుతుంది. జీవితకాలంలో 200 దాకా పెట్టగలదు. వారం, రెండు వారాల్లో పిల్ల బయటపడి బెరడు కింద తొలవడం మొదలుపెడుతుంది. పెరిగేకొద్దీ కర్రలోకి దిగుతుంది. బాగా ఎదిగినదాన్ని చూస్తే జడుసుకుంటారు. వేలంత లావు, 10 సెంటీమీటర్ల దాకా పొడవు, మీగడ రంగు. కాళ్లు లేవు. సొరంగంలో ఉండేదానికి కాళ్లతో పనేముంది? గోడలకు ఒంటిని బిగించి ముందుకు జరుగుతుంది. దాని సరంజామా అంతా తలలోనే, రెండు నల్లటి దవడలు. రాత్రి తోట సద్దుమణిగాక మానుకు చెవి ఆనించి వింటే కొన్నిసార్లు కొరుకుడు వినిపిస్తుంది కూడా. మీకు మొదట్లో కుప్ప పడుతున్నది అది నమిలి నెట్టేసిన కర్ర పీచు, దాని విసర్జన కలిసిన పొట్టు.

ఒకే చెట్టు తినేవాటికి ఇంత తేడా ఎందుకని అడిగారు. నిజానికి అవి తినేది ఒకే తిండి కాదమ్మా. ఆకు వేరు, కర్ర వేరు. ఒళ్లు పెరగాలంటే మాంసకృత్తులు కావాలి, వాటికి నత్రజని కావాలి. ఎండబెట్టిన మామిడి ఆకులో నత్రజని నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్లు ఉంటుంది. చాలా చెట్ల కర్రలో పావు పాలు కూడా ఉండదు. రోజూ పప్పన్నం తినే పిల్లాడికీ, గంజినీళ్ల మీద నెట్టుకొచ్చే పిల్లాడికీ పెరుగుదలలో తేడా ఉండదా? బారన్ నెలలో కానిచ్చే పనికి కాండం తొలిచే పురుగుకు మన దగ్గర దాదాపు ఏడాది పడుతుంది. అది అంతంత కర్ర తొలవడానికి కారణం కూడా ఇదే. ఒంటికి పట్టేది తక్కువ కాబట్టి నోట్లోకి ఎక్కువ పోవాలి. ఆ ‘ఎక్కువ’ మీ చెట్టు మానులోంచి పోతోంది.

అయితే కర్రకు ఒక సుఖముంది. లోపల ఎండ లేదు, వాన లేదు, పిచ్చుక లేదు. ఆకు మీద బతికేదానికి తిండి మంచిదే గానీ, కాకి నుంచి కందిరీగ దాకా అందరి కళ్లూ దాని మీదే. అందుకే బారన్‌కు రంగు, గీత, ఈకలు, త్వరగా పెరిగి తప్పుకోవాలనే తొందర. మానులోని దానికి ఏ వేషమూ అక్కర్లేదు. వడ్రంగి పిట్ట వచ్చి తడితే తప్ప నిదానంగా తింటూ కూర్చుంటుంది. ఆకారం, రంగు, కాళ్లు, ఆయుష్షు, ఏది తీసుకున్నా ఈ రెండింటి మధ్య ఉన్న తేడా అంతా తిండి దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఈ సంగతి పట్టుకుంటే మందు సంగతి కూడా మీకే తెలిసిపోతుంది.

చెట్టు మీద కొట్టే మందు ఆకు మీద పడుతుంది. మానులోని సొరంగానికి చేరదు. తోట చూసే అతని మాట విని కొట్టించి ఉంటే బారన్‌లు చచ్చేవి, పురుగులను చంపే పరాన్నజీవి కందిరీగలు చచ్చేవి, సాలీళ్లు చచ్చేవి. పొట్టు మాత్రం మర్నాడూ పడేది. నేను తోటల వెంట తిరిగిన కాలమంతా చూసింది ఇదే. కంటికి కనిపించే పురుగు మీద డబ్బు పోస్తారు, చెట్టును చంపే పురుగు జోలికి ఎవరూ పోరు. బారన్ పిల్లలు పదో ఇరవయ్యో ఉన్నా పెద్ద మామిడి చెట్టుకు లెక్కలోకి రాదు. కొత్తగా నాటిన అంటు మొక్క మీద రెండు మూడు చేరితే చేత్తో ఏరేయండి, చాలు.

మానుకు చేయాల్సింది చెబుతాను. తాజా పొట్టు, అంటే తడిగా లేత రంగులో ఉన్నది, ఏ రంధ్రంలోంచి వస్తోందో చూడండి. దాని చుట్టూ ఉన్న చచ్చిన బెరడు, బంక గీకేయించండి. సైకిలు స్పోకు చివర కాస్త కొక్కెంలా వంచి లోపలికి పోనిచ్చి, తిప్పుతూ లాగాలి. మెత్తగా ఏదో తగిలి, స్పోకు తెల్లగా తడిసి వస్తే పని అయినట్టే. అందకపోతే పెట్రోల్లో ముంచిన దూది లోపలికి కుక్కి, రంధ్రాన్ని తడి బంకమన్నుతో గట్టిగా మూసేయండి. ఆ పని చేసేటప్పుడు బీడీ ముట్టించొద్దని మరీ మరీ చెప్పండి. వారం పోయాక వెళ్లి చూడండి. కొత్త పొట్టు పడితే లోపల ఇంకోటి ఉన్నట్టు. ఎండిన కొమ్మను పచ్చి కర్ర దాకా కోసి, కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయించండి. కోసిన కొమ్మను మాత్రం తోటలో గట్టున పడేయొద్దు. అందులో ఉన్న పురుగులు తొలకరి వానలకు పెంకు పురుగులై బయటికి వస్తాయి. ఈలోపే పొయ్యిలోకి పోవాలి. పక్కన పనస, మేడి, బూరుగు చెట్లుంటే వాటి మొదళ్లూ ఒకసారి చూడండి, దానికి అవీ ఇష్టమే. ఇంకా అనుమానముంటే నూజివీడులోనే ఉద్యాన విశ్వవిద్యాలయం వారి మామిడి పరిశోధనా స్థానం ఉంది, ఆ పొట్టు కొంచెం కవర్లో వేసుకుని వెళ్లండి.

ప్రశ్న: సార్, నేను బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది. చెదపురుగు కడుపులో సూక్ష్మజీవులుంటాయి కాబట్టి కట్టె అరుగుతుందని చదివాం. కాండం తొలిచే పురుగుకూ అంతేనా? సీతాకోకచిలుక లార్వా కూడా సెల్యులోజు తింటోంది కదా, దానికెలా అరుగుతుంది?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: రెండో సగం ముందు చెబుతాను, అది తేలిక. గొంగళి పురుగు సెల్యులోజును, అంటే మొక్కల కణ గోడల్లోని పీచును, అరిగించుకోదు. ఆకును కొరికి, కణాల్లో ఉన్న రసం, చక్కెరలు, మాంసకృత్తులు లాక్కుని మిగతాదంతా వెనక నుంచి వదిలేస్తుంది. గొంగళి పురుగును పెంచి చూడు, సీసా అడుగున రోజూ ఎన్ని గుళికలు పడతాయో తెలుస్తుంది. తిండిలో సారం ఉంది కాబట్టి ఆ దుబారా దానికి చెల్లుతుంది.

కర్ర తినేదానికి చెల్లదు. అక్కడ ఉన్నదే సెల్యులోజు, దాన్ని అంటిపెట్టుకున్న మరికొన్ని గట్టి పదార్థాలు. చెదల్లో చాలా రకాలకు పేగుల్లోని ఏకకణ జీవులు సాయం చేస్తాయి. మన పొలాల్లో పుట్టలు పెట్టే చెదలు ఇంకో దారి పట్టాయి. పుట్ట లోపల బూజు తోట పెంచి, కట్టెను ఆ బూజు చేత మెత్తబరిపించి తింటాయి. వానలు పడ్డాక పుట్టల మీద లేచే పుట్టగొడుగులు ఆ తోటలవే. ఏరుకొచ్చి కూర వండుకునేటప్పుడు ఇదెవరి సేద్యమో ఎవరూ ఆలోచించరు.

పొడవు మీసాల పురుగుల్లో ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, సెల్యులోజును కోసే ఎంజైములు చాలావాటికి సొంతంగానే ఉన్నాయి. మన బాటోసెరాకు దగ్గర చుట్టమైన ఆసియా పొడవు మీసాల పురుగు జన్యుపటం 2016లో ప్రచురించారు. మొక్కల కణ గోడలను విరగ్గొట్టే జన్యువులు అందులో బోలెడు కనిపించాయి. వాటిలో కొన్ని ఏనాడో బ్యాక్టీరియా నుంచి, శిలీంధ్రాల నుంచి ఈ పురుగుల పూర్వీకుల్లోకి దూకినవి. దూకడమంటే తల్లి నుంచి పిల్లకు వారసత్వంగా రావడం కాదు, వేరే జాతి జన్యువు ఇందులో చేరి స్థిరపడిపోవడం. తర్వాత అవి నకళ్లుగా పెరిగి, ఒక్కోటి ఒక్కో పనికి అలవాటుపడ్డాయి. పేగులో బ్యాక్టీరియా, శిలీంధ్రాలు కూడా ఉంటాయి, నత్రజని విషయంలో వాటి సాయం ఉంటుంది. కాబట్టి పరీక్షలో ‘సూక్ష్మజీవుల వల్లే’ అని ఒక్క ముక్కలో రాసి ఊరుకోకు.

ప్రశ్న: మా అపార్టుమెంటు మామిడి చెట్టు కింద కుళ్లిన పండు మీద గోధుమ రంగు సీతాకోకచిలుక గంటల తరబడి కూర్చుంటోంది. పువ్వులుండగా దీనికిదేం రుచి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: పై జవాబులోని బారనే అయి ఉండొచ్చు, లేదా దాని దాయాదుల్లో ఒకటి. అడవిలోని చెట్ల నీడన బతికే సీతాకోకచిలుకల్లో చాలావాటికి పువ్వుల మీద ఆశ తక్కువ. నీడలో ఏడాది పొడవునా పూత ఎక్కడ దొరుకుతుంది? రాలి పులిసిన పండు, మాను గాయాల దగ్గర కారే రసం, పేడ, తడి మట్టి, వీటితో సరిపెట్టుకుంటాయి. పులిసిన రసంలో చక్కెర ఉంటుంది, లవణాలూ ఉంటాయి.

ఇందులో తమాషా ఏమిటంటే, కాండం తొలిచే పురుగు పెట్టిన గాయంలోంచి రసం కారి పులిస్తే దాని దగ్గరికి ఇలాంటి సీతాకోకచిలుకలు చేరతాయి. పుట్టినప్పుడు ఆకు తిన్నది, పెద్దయ్యాక మానులోని పొరుగువాడి పుణ్యాన తాగుతుందన్నమాట. దానికి దవడలు ఉండవు, చుట్ట చుట్టుకునే తొండమే. ఎదుగుదల అంతా గొంగళి దశలోనే అయిపోయింది కాబట్టి తాగుడుతో కాలక్షేపం చేయగలదు. పెంకు పురుగు అలా కాదు. అది ప్యూపాలోంచి కూడా దవడలతోనే బయటికి వస్తుంది. లేత కొమ్మల బెరడు గీరి తింటూ నెలల తరబడి బతుకుతుంది, గుడ్లు పెట్టే శక్తి దానికి ఆ బెరడు నుంచే.

ప్రశ్న: మొన్న పిల్లలతో మారేడుమిల్లి వెళ్లాం. వాగు పక్కన సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా కనిపించాయి. మీరు ఇదివరకు రాసిన మీసాల పురుగు కోసం ఎంత వెతికినా ఒక్కటి దొరకలేదు. ఇవి తోటల్లోనే ఉంటాయా, అడవిలో ఉండవా?
– ఒక ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

జవాబు: అడవే వాటి పుట్టిల్లు టీచరుగారూ. మీరు వెళ్లిన వేళ మంచిది కాదు, అంతే. సీతాకోకచిలుక పగలు, ఎండలో, తడి ఇసుక మీద. ఇది రాత్రి, మాను మీద. పగలు బెరడుకు అతుక్కుని ఉంటుంది, బూడిద రంగు బెరడులో కలిసిపోతుంది. పైగా దాని బతుకులో ఎక్కువ భాగం కర్ర లోపలే గడిచిపోతుంది.

దాన్ని చూడాలంటే కొత్తగా నరికిన మానుల దగ్గరికి వెళ్లాలి. ఈ సంగతి బాగా తెలిసినవాడు ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్. డార్విన్‌తోపాటు ప్రకృతి వరణం ఆలోచన చేసిన మనిషి. 1855 మార్చి 14న ఆయన బోర్నియో దీవిలో, సరవాక్ రాజ్యంలోని సిముంజన్ బొగ్గు గని దగ్గరికి చేరాడు. గనికి చిన్న రైలు దారి వేయడానికి అడవి కొట్టేస్తున్నారు. ఎక్కడ చూసినా పడిపోయిన మానులు, కొమ్మలు, రంపపు గోతులు, వాటి మీద ఎండ. అంతకుముందు నాలుగు నెలల్లో ఆయనకు దొరికిన పెంకు పురుగులు 320 రకాలు. అక్కడికి వచ్చిన రెండు వారాల్లోపే అవి రెట్టింపయ్యాయి. ఒక్క రోజులో 76 రకాలు దొరికిన సందర్భం కూడా ఉంది. కూలీలకు పురుగుకు ఒక సెంటు చొప్పున ఇచ్చి తెప్పించుకునేవాడు. బోర్నియోలో మొత్తం ఆయన సేకరించిన పెంకు పురుగులు సుమారు 2,000 రకాలు. వాటిలో ఓ వంద తప్ప మిగతావన్నీ ఆ ఒక్క చోటే, చదరపు మైలుకు అటూ ఇటూ జాగాలో దొరికినవే. అందులో పొడవు మీసాలవి దాదాపు 300 రకాలు. పదింట తొమ్మిది వంతులకు పైగా అప్పటికి శాస్త్రానికి తెలియనివి!

సీతాకోకచిలుకలు మాత్రం ఆయనకు ఆ చోట అంత ఎక్కువగా దొరకలేదు. దొరికినవాటిలో గొప్పది ఒకటుంది. మఖమల్ నలుపు రెక్కల మీద ఈ కొస నుంచి ఆ కొసకు వరసగా మెరిసే పచ్చటి ఈటె మొనలు. సరవాక్‌ను ఏలే జేమ్స్ బ్రూక్ పేరు మీద దానికి రాజా బ్రూక్ అని పేరు పెట్టాడు. ఇప్పుడది మలేసియా జాతీయ సీతాకోకచిలుక. దాని మగవి కూడా మీరు చూసిన వాటిలాగే నీటి ఊటల దగ్గర తడి మట్టి మీద గుంపులుగా వాలతాయి. ఆడవి చెట్ల తలల్లోనే ఉండిపోతాయి, కనిపించడం అరుదు. కాబట్టి ‘సీతాకోకచిలుకలు గుంపులుగా ఉన్నాయి’ అన్నప్పుడు మీరు చూసినవాటిలో చాలావరకు మగవే అనుకోవచ్చు. మట్టిలోని ఉప్పు కోసం వాటి పాట్లు.

అడవిలో ఈ తొలిచే పురుగును చెడ్డదని అనలేం. పడిపోయిన మాను లోపలికి మొదటి దారి వేసేది ఇలాంటివే. ఆ సొరంగాల్లోంచి తడి, బూజు, చెదలు దిగుతాయి, మాను మట్టిలో కలుస్తుంది. అదే పురుగు ఆగిరిపల్లిలో బతికున్న బంగినపల్లిలో దూరితే స్పోకు తీయాల్సిందే. ఈసారి పిల్లలను తీసుకెళ్తే అటవీ శాఖ వాళ్ల అనుమతితో, వానాకాలం మొదట్లో, రాత్రిపూట తెల్ల గుడ్డ కట్టి వెనక లైటు పెట్టి చూడండి.

ప్రశ్న: మేం అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ష్రూస్‌బరీలో ఉంటున్నాం. పెరట్లో కొట్టించిన మేపుల్ చెట్టు కట్టెలు పక్క ఊళ్లో ఉన్న స్నేహితులకు భోగి మంటకని ఇవ్వబోతే, ఊరు దాటించకూడదు, నేరం అన్నారు. ఏదో పురుగు పేరు చెప్పారు. కట్టెలకు కూడా ఇంత రూలా?
– ఒక పాఠకుడు, ష్రూస్‌బరీ

జవాబు: ఆ రూలు పాటించండి, భోగికి అక్కడ దొరికే కట్టెలే కొనమనండి. ఆ పురుగు ఇందాక కాకినాడ కుర్రాడికి చెప్పిన ఆసియా పొడవు మీసాల పురుగే. నిగనిగలాడే నలుపు మీద తెల్ల చుక్కలు. పుట్టిల్లు చైనా, కొరియా. సరుకుల చెక్క పెట్టెల్లో పిల్ల పురుగుగా ప్రయాణం చేసి అమెరికా చేరింది. 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మొదట కనిపెట్టారు. మీ పక్కనున్న వూస్టర్‌లో 2008లో బయటపడింది. దాన్ని అదుపు చేయడానికి ఆ ప్రాంతంలో 30 వేలకు పైగా చెట్లు కొట్టేశారు. మేపుల్ అంటే దానికి మహా ఇష్టం.

ఇక్కడ కూడా ఆకు, కర్ర తేడానే పనిచేస్తోంది చూడండి. ఆకు తినే పురుగు ఆకుతోపాటు సముద్రం దాటలేదు, మూడు రోజుల్లో ఆకు వాడి పురుగుకు తిండి ఉండదు. కర్ర తినేదానికి ఇల్లూ తిండీ ఒకటే, నెలల తరబడి బయటికి రానక్కర్లేదు. కర్ర ఎండేకొద్దీ పెరుగుదల ఇంకా మందగిస్తుంది గానీ చావదు. ఐవరీ మార్క్‌డ్ బీటిల్ అనే ఒక అమెరికా మీసాల పురుగు 40 ఏళ్ల నాటి పుస్తకాల బీరువాలోంచి బయటికి వచ్చినట్టు రికార్డు ఉంది. అందుకే ఇప్పుడు దేశాల మధ్య తిరిగే చెక్క పెట్టెలు, ప్యాలెట్ల (సరుకు పేర్చే చెక్క బల్లల) కర్రను లోపలిదాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉంచాలని అంతర్జాతీయ నిబంధన పెట్టారు, లేదా ఆమోదించిన మరో పద్ధతిలో శుద్ధి చేయాలి. విశాఖపట్నం పోర్టులో దిగే ప్యాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మతో ‘హెచ్‌టీ’ అని ముద్ర కనిపిస్తే, వేడి చేసిన కర్ర అని అర్థం. మీ మేపుల్ మాను మీద పెన్సిలు దూరేంత గుండ్రటి రంధ్రాలుంటే వెంటనే రాష్ట్ర వ్యవసాయ శాఖకు ఫోన్ చేయండి.

ప్రశ్న: తాతగారూ, నేను ఆరో తరగతి. రాత్రి మా వరండా లైటు దగ్గర పెద్ద పురుగు పడింది. మీసాలు దానికంటే పొడుగు. మెడ మీద రెండు ఎర్ర మచ్చలు. పట్టుకుంటే కీచుకీచుమంది. అమ్మ విషం ఉంటుందని కొట్టబోయింది. కుడుతుందా?
– ఒక బాలుడు, మదనపల్లె

జవాబు: కుట్టదు నాన్నా, దానికి కొండి లేదు, విషమూ లేదు. దవడలతో గట్టిగా కొరుకుతుంది, అంతే. వేలు నోటి దగ్గర పెట్టకుండా, నడుము దగ్గర రెండు పక్కలా పట్టుకోవాలి. మెడ పక్కల ముళ్లుంటాయి, చూసుకో. అది కీచుమనేది గొంతుతో కాదు. మెడ భాగాన్ని ముందుకూ వెనక్కూ ఊపుతూ, కింద గరుకుగా ఉన్న చోట రాస్తుంది. పిట్ట పట్టుకున్నప్పుడు బెదిరించడానికి ఆ చప్పుడు. మీసాలు మరీ పొడుగ్గా ఉన్నాయంటే మగదే అయ్యుంటుంది. నువ్వు చెప్పిన గుర్తులు మామిడి కాండం తొలిచే పురుగువే. మీ మదనపల్లె చుట్టూ మామిడి తోటలు చాలా ఉన్నాయి కాబట్టి ఆశ్చర్యం లేదు. మీకు తోట ఉంటే నాన్నగారికి చూపించి, చెట్ల మొదళ్లలో పొట్టు పడుతోందేమో చూడమను. ఇంతకన్నా పెద్ద మీసాల పురుగు అమెజాన్ అడవుల్లో ఉంది, పేరు టైటానస్. మీసాలు వదిలేసి కొలిచినా 16 సెంటీమీటర్లు దాటుతుంది. నీ జామెట్రీ బాక్సులో స్కేలు తీసి కొలిచి చూసుకో, ఎంతో తెలుస్తుంది.

పాఠకులకు మనవి: ఫొటో పంపేటప్పుడు పురుగు పక్కన స్కేలో, రూపాయి బిళ్లో పెట్టి తీయండి. ఏ చెట్టు మీద, ఏ భాగంలో దొరికిందో తప్పక రాయండి. ఆకు మీదా, కొమ్మ మీదా, మాను లోపలా అన్నది తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.